రూపాయి టికెట్టు, రెండు డెక్కన్లు

ఏటా ఆగస్టు ఆఖరి వారం వస్తుంది, పోతుంది. ఎవరూ కేకు కోయరు. పేపర్లో ఫుల్ పేజీ ప్రకటనా రాదు. పుట్టినరోజు జరుపుకోవాల్సిన కంపెనీయే లేదు మరి! 2003లో ఆ వారంలోనే బెంగళూరు నుంచి 48 సీట్ల చిన్న ప్రొపెల్లర్ విమానంతో ఎయిర్ డెక్కన్ తన ప్రయాణం మొదలుపెట్టింది. మన దేశంలో తొలి చౌక విమాన సంస్థ అదే. అయిదేళ్లు తిరిగేసరికి విమానాల మీద ఆ పేరు లేదు. ఈలోగా రైల్లో స్లీపర్ బెర్తు దొరికితే చాలనుకునే లక్షల మందిని మాత్రం అది ఆకాశం ఎక్కించేసింది.

చౌక విమానం మన కథలకు కొత్తేమీ కాదు. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని అమ్మమ్మలు చెప్పేవారు. సీటు నంబర్లు లేవు. భోజనం ఊసు వాళ్ల కథల్లో ఎప్పుడూ రాలేదు. యాజమాన్యం మారడం మాత్రం ఉంది: కుబేరుడి దగ్గర రావణుడు లాక్కున్నాడు, రాముడు అయోధ్య చేరాక తిరిగి కుబేరుడికే పంపించేశాడు. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం దాకా చెప్పుకోదగ్గ సర్వీసులేవీ లేవు గనక ఒక్క గెంతులో 1932కి వచ్చేయవచ్చు.

ఆ ఏడాది అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఒంటరిగా విమానం నడిపారు. అహ్మదాబాద్‌లో విమానానికి పెట్రోలు ఎడ్లబండి మీద వచ్చింది. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. మోసింది మాత్రం మనుషుల్ని కాదు, ఉత్తరాలని. ఆ రోజుల్లో విమానం ఎక్కే యోగం మనిషి కంటే కవరుకే ముందు పట్టింది.

హైదరాబాద్ వంతు 1945లో వచ్చింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట దాని ఇల్లు, యుద్ధంలో వాడి వదిలేసిన డకోటాలు దాని సంసారం. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌కి, మిగతా కంపెనీలు ఆడమనిషి నడిపితే ఎవరెక్కుతారని తలుపులేసుకున్న వేళ, ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాదీ సంస్థే. 1953లో విమాన కంపెనీలన్నిటినీ జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ మరో ఏడింటితో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మొదటి డెక్కన్ కథ అంతటితో సరి.

తర్వాతి నలభై ఏళ్లను నాలుగు మాటల్లో దాటేసినా పెద్ద నష్టం లేదు. ఉన్నది ఒక్కటే సంస్థ. ఎక్కేవాళ్లు ఎంపీలు, సినిమా వాళ్లు, ఆఫీసు ఖర్చు మీద తిరిగే దొరలు. చిన్న ఊళ్ల కోసమని 1981లో వాయుదూత్ పెట్టారు. అది కొన్నాళ్లు ఎగిరి, అప్పుల్లో మునిగి, చివరికి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒళ్లోనే పడింది. 1994లో పాత చట్టం రద్దయి ప్రైవేటు కంపెనీలకు దారి తెరుచుకుంది. గ్లాసులు మెరిశాయి, ట్రేలు మెరిశాయి, ఎయిర్‌హోస్టెస్‌ల నవ్వులు మెరిశాయి. టికెట్ ధర మాత్రం సామాన్యుడి వైపు తల తిప్పి చూడలేదు.

బయట లోకం అప్పటికే దారి కనిపెట్టేసింది. అమెరికాలో సౌత్‌వెస్ట్ 1971 నుంచే టెక్సస్ ఊళ్ల మధ్య చౌకగా తిప్పుతోంది. లండన్ నుంచి న్యూయార్క్‌కి 1977లో స్కైట్రెయిన్ వేసిన ఫ్రెడ్డీ లేకర్ 1982కల్లా దివాలా తీశాడు. మలేసియాలో టోనీ ఫెర్నాండెజ్ 2001లో ఎయిర్‌ఏషియాని, అప్పులతో సహా, ఒక్క రింగిట్‌కి కొన్నాడు. ఆ ఒక్క రింగిట్ మాట గుర్తుంచుకుంటే మంచిది, ఈ కథలో ఒక్క రూపాయి కూడా రాబోతోంది.

రెండో డెక్కన్‌ని పుట్టించిన కెప్టెన్ జీఆర్ గోపీనాథ్ పేరులో కెప్టెన్ ఉన్నది సైన్యం వల్ల, విమానం వల్ల కాదు. హాసన్ జిల్లా గొరూరులో పెరిగారు. 1971 యుద్ధం చూశారు. ఎనిమిదేళ్లకే సైన్యం వదిలేశారు. హేమావతి ఆనకట్ట కింద సొంత పొలం మునిగితే, బదులుగా జావగల్ దగ్గర ఇచ్చిన భూమిలో గుడిసె వేసుకుని సేద్యానికి దిగారు. పట్టుపురుగుల పెంపకంలో ఆయన చేసిన ప్రయోగాలకు 1996లో రోలెక్స్ అవార్డు వచ్చింది. మధ్యలో మోటార్ సైకిళ్ల డీలర్‌షిప్, హోటలు, అసెంబ్లీకి పోటీ చేసి ఓడిపోవడం కూడా ఉన్నాయి. ఒక మనిషి జాతకంలో ఇన్ని వృత్తులుంటే మన ఊళ్లలో నిలకడ లేనివాడని తేల్చేస్తారు. ఆయన మాత్రం సైన్యంలో పైలట్‌గా చేసిన స్నేహితుడు కెప్టెన్ కేజే శామ్యూల్‌తో కలిసి హెలికాప్టర్లు అద్దెకు తిప్పే కంపెనీ పెట్టారు. 1997లో అది ఎగిరింది.

విమానాల ఆలోచన ఎలా వచ్చిందో ఆయన రెండు ముచ్చట్లుగా చెబుతుంటారు. హెలికాప్టర్‌లో పల్లెల మీదుగా పోతుంటే గుడిసెల మీద టీవీ యాంటెనాలు, డిష్‌లు కనిపించాయట. టీవీ కొన్నవాడు టికెట్ ఎందుకు కొనడు? రెండోది అమెరికాలోని ఫీనిక్స్. ఆ ఒక్క ఎయిర్‌పోర్టులో రోజూ తిరిగే విమానాలు మొత్తం భారతదేశంలో తిరిగేవాటి కంటే ఎక్కువని తెలిసి ఆయనకు దిమ్మ తిరిగింది.

లెక్క సులువే. కంపెనీ ఎంచుకున్న ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానం చిన్నది, తక్కువ ఇంధనం తాగుతుంది, పొట్టి రన్‌వే చాలు. 80 సీట్ల లోపు విమానాలకు ల్యాండింగ్ చార్జీ లేకుండా చేసిన ప్రభుత్వ విధానం దానికి కలిసొచ్చింది. భోజనం తీసేస్తే ట్రేలు, వేడిచేసే పెట్టెలు, వాటి బరువు అన్నీ పోతాయి. నీళ్ల సీసా కావాలా, డబ్బు ఇవ్వాలి. నేల మీద నిలబడ్డ విమానం రూపాయి సంపాదించదు గనక, దిగిన అరగంటకల్లా మళ్లీ ఎగరాలి.

ఇక బేగంపేట. ఈ కథలో తెలుగువాళ్లు ముచ్చటగా చెప్పుకోవాల్సిన ఘట్టం ఇదే, చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిపడేదీ ఇదే.

2003 సెప్టెంబర్‌లో హైదరాబాద్ నుంచి విజయవాడకు తొలి సర్వీసు. విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరానికి రోజువారీ విమానం లేక చాలా ఏళ్లయింది. బెజవాడ మనిషి హైదరాబాద్ పోవాలంటే రాత్రి బస్సెక్కి, కిటికీ అద్దానికి తల ఆనించి, సూర్యాపేట దగ్గర టీ తాగి, తెల్లారేసరికి ఒళ్లు హూనమై దిగాలి. ఆ దారిని గంటలోపు దాటించే విమానం వస్తోందంటే సందడి ఉండదా? అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు, పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ స్వయంగా ఎక్కి కూర్చున్నారు. విమానయాన మంత్రే ప్రయాణికుడైన విమానం కంటే శుభారంభం ఏముంటుంది!

విమానం ఎగరకముందే ఇంజిన్‌లో మంట లేచింది.

గాల్లోకి లేవకముందు కావడం అందరి అదృష్టం. మంటలు ఆర్పారు, అందరూ క్షేమంగా కిందికి దిగారు. మర్నాడు పేపర్లలో బ్యానర్ వార్త ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అప్పటికి నెల రోజుల వయసున్న కంపెనీ. చౌక టికెట్ అంటే చౌక భద్రతేమో అన్న అనుమానం ముందే జనంలో ఉంది. కొబ్బరికాయ కొట్టిన రోజే ఆ అనుమానానికి నిప్పంటుకుంది. వేరే వ్యాపారమైతే అక్కడే షట్టరు దించేసి ఉండేవారు. విచిత్రం ఏమిటంటే, ఆ నెలలోనే హైదరాబాద్–విజయవాడ సర్వీసు రోజువారీగా నడవడం మొదలైంది, జనం ఎక్కారు కూడా. ఊరి పేరు వినని వాళ్లకి కూడా ఎయిర్ డెక్కన్ పేరు ఆ మంటతోనే తెలిసిందనుకోవాలి. అంత ఖరీదైన ప్రచారం డబ్బు పెట్టి ఎవరూ కొనుక్కోరు.

ఆ తర్వాత రూపాయి టికెట్టు వచ్చింది. విమానంలో కొన్ని సీట్లు, చాలా ముందుగా కొన్నవాళ్లకి, రూపాయికే. దాని మీద ఎయిర్‌పోర్టు ఫీజు 221. మొత్తం 222 రూపాయలకు విమానం! అందరికీ దొరికేది కాదు. దొరికిన ఒక్కడు వీధంతా చెప్పుకుంటే మిగతా వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, రూపాయి సీట్లు అయిపోయాయని తెలిసి, వెయ్యో పదిహేనువందలో పెట్టి కొనేసేవారు. కోడిని చూపి మేకని అమ్మడం సంతలో వాళ్లకి కొత్త కాదు, విమానాల వాళ్లకి కొత్త.

టికెట్ అంటే ఎర్రటి కార్బన్ పేపర్ల బుక్‌లెట్ కాదిప్పుడు. ఇంటర్నెట్ సెంటర్లో పది రూపాయలిచ్చి తీయించిన ప్రింటు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, పొలం పట్టా దాచినట్టు చొక్కా లోపలి జేబులో దాచుకునేవాళ్లు. క్రెడిట్ కార్డు లేనివాళ్ల కోసం పెట్రోలు బంకుల్లోనూ, పోస్టాఫీసుల్లోనూ టికెట్లు అమ్మారు. మనియార్డరు కౌంటర్ ఉన్న గదిలో విమానం టికెట్! ఒకప్పుడు ఉత్తరాలకే విమానయోగం అనుకుంటే, చివరికి ఉత్తరాల ఆఫీసే మనుషుల్ని విమానం ఎక్కించింది.

సీటు నంబర్లు ఉండేవి కావు. గేటు తెరవగానే పల్లెవెలుగు బస్సుకి పరిగెత్తినట్టు పరుగు. కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం వచ్చిన జాతికి ఇది కష్టమా? లోపల తిండి పెట్టరని ముందే తెలుసు గనక పులిహోర పొట్లాలు వెంట వచ్చేవి. ఆవకాయ వాసన మేఘాల్లో కలిసిందని ముక్కు మూసుకున్న పాత ప్రయాణికులు లేకపోలేదు. ఆర్కే లక్ష్మణ్ గళ్ల కోటు 'సామాన్యుడు' కంపెనీకి బొమ్మయ్యాడు. ఊళ్లో ఉన్న ముసలి తండ్రికి కొడుకు విమానం టికెట్ పంపే టీవీ ప్రకటన చూసి కళ్లు చెమర్చిన ఇళ్లు ఎన్నో.

2004లో ఎయిర్‌బస్ 320లు వచ్చాయి. విశాఖ, తిరుపతి, మధురై, హుబ్లీ, ఇలా పేర్లు పెరిగిపోయాయి. మూడు నాలుగేళ్లలో 40 దాకా విమానాలు, 60కి పైగా ఊళ్లు. వేగం మరీ ఎక్కువైంది. విమానాలు ఆలస్యం, రద్దు, కౌంటర్ల దగ్గర కేకలు. ఇంధనం ధర కొండెక్కింది. 2005లో స్పైస్‌జెట్, గోఎయిర్, 2006 ఆగస్టులో ఇండిగో దిగాయి. డెక్కన్ నేర్పిన పాఠం వాళ్లు శుభ్రమైన చేతిరాతతో తిరగరాశారు, ముఖ్యంగా ఇండిగో. 2006లో డెక్కన్ షేర్ల ఇష్యూకి వెళితే మార్కెట్ ముఖం తిప్పుకుంది. ధర తగ్గించి, గడువు పొడిగిస్తే గాని ఇష్యూ గట్టెక్కలేదు.

ఇక్కడ పుష్పక విమానం గుర్తు రావాలి. 2007లో విజయ్ మాల్యా గ్రూపు 550 కోట్లకు 26 శాతం వాటా కొంది. గోపీనాథ్‌ది సామాన్యుడి విమానం, మాల్యా కింగ్‌ఫిషర్‌ది సీటుకో టీవీ ఉన్న విలాసం. ఆ పెళ్లికి జాతకాలు ఎవరు చూశారో గాని, కట్నం మాత్రం స్పష్టం: అప్పటి నిబంధన ప్రకారం విదేశాలకు ఎగరాలంటే దేశంలో అయిదేళ్లు నడిచి ఉండాలి, 20 విమానాలుండాలి. కింగ్‌ఫిషర్‌కి అయిదేళ్లు నిండలేదు, డెక్కన్‌కి 2008 ఆగస్టుకి నిండాయి. సెప్టెంబర్ మొదట్లోనే బెంగళూరు నుంచి లండన్‌కి కింగ్‌ఫిషర్ ఎగిరింది. డెక్కన్ పేరు ముందు సింప్లిఫ్లై డెక్కన్, తర్వాత కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2011లో ఆ రెడ్‌ని ఆపేస్తున్నామన్నారు. 2012 అక్టోబర్‌లో మొత్తం సంస్థే నేల మీద ఆగిపోయింది. గళ్ల కోటు సామాన్యుడు ఏ గేటు దగ్గర దిగిపోయాడో ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత కథ చిక్కుపడిన దారపు ఉండ. హైదరాబాద్ నుంచే 2015 జులైలో ట్రూజెట్ వచ్చింది, రామ్‌చరణ్ దాని ముఖం, ఏటీఆర్‌లే దాని బలం. 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకు చౌక విమానాల కోసం పెట్టిన ఉడాన్ పథకం ప్రారంభమైన రోజు కడప–హైదరాబాద్ సర్వీసు నడిపింది అదే. 2022 ఫిబ్రవరిలో ఆగింది. ఆ పథకం కిందే గోపీనాథ్ కూడా 2017 డిసెంబర్‌లో పాత పేరుతోనే చిన్న బీచ్‌క్రాఫ్ట్‌లతో మళ్లీ వచ్చారు. కరోనా 2020లో దాన్ని కమ్మేసింది. గోఎయిర్ పేరు మార్చుకుని గో ఫస్ట్ అయి, 2023 మేలో కూలబడింది. ఇండిగో ఒక్కటే ఆకాశంలో సగానికి పైగా ఆక్రమించింది. పోటీ లేనిచోట చౌక ఎంతకాలం చౌకగా ఉంటుందన్నది సంక్రాంతికి ఊరెళ్లాలని టికెట్ వెతికేవాడికి బాగా తెలుసు.

ఈ మధ్యలోనే గోపీనాథ్ ఆత్మకథ ఆధారంగా సుధా కొంగర సినిమా తీశారు. 2020 నవంబర్‌లో 'ఆకాశం నీ హద్దురా' పేరుతో తెలుగులోనూ వచ్చింది. థియేటర్లు మూతపడ్డ కాలం గనక జనం ఇంట్లో కూర్చునే చూసి చప్పట్లు కొట్టారు.

బేగంపేట మాత్రం అక్కడే ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక మామూలు ప్రయాణికులకు దాని గేట్లు మూసేశారు. నాయకులు ఇప్పటికీ ఆ రన్‌వే మీది నుంచే ఎగురుతారు. రెండేళ్లకోసారి అక్కడ వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజుల్లో టికెట్ కొనుక్కుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం లోపలికి వెళ్తారు, నేల మీద నిలబడి విమానాలు చూస్తారు.