గడ్డ కరిగించే ఎంజైము మెదడుల ఏం చేస్తది?

పక్షవాతం వచ్చినోళ్లకు దవాఖానల గడ్డ కరిగించే సూది ఇస్తరని ఇప్పుడు చానామందికి ఎరుకే. దాని పేరు ఆల్టెప్లేస్. మన ఒంట్లనే పుట్టే టీపీఏ అనే ఎంజైముకు అది నకలు. రక్తనాళాల లోపలి గోడ ఈ ఎంజైమును తయారు చేస్తది. అది నెత్తుట్లున్న ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గ మారుస్తది, ప్లాస్మిన్ పోయి గడ్డల ఉండే ఫైబ్రిన్ దారాలను తెంపుతది. ఇంతవరకు ఓకే. కానీ ఇదే టీపీఏను మెదడు కణాలు కూడా తయారు చేస్తయ్. గడ్డ లేని జాగల దానితోని ఏం పని?

మెదడంటే న్యూరాన్లే అనుకుంటం. వాటి చుట్టూ సాయం చేసే కణాలు మస్తుగుంటయ్. వాటిని గ్లియా అంటరు. 19వ శతాబ్దంల రుడాల్ఫ్ విర్కో అనే జర్మనీ డాక్టరు పెట్టిన పేరది, జిగురు అని అర్థం. ఉత్త బంక కింద లెక్కగట్టిన్రన్నట్టు. నిజానికి ఇండ్ల ఆస్ట్రోసైట్లు రక్తనాళాల చుట్టూ కాళ్లు చాపి కాపలా కాస్తయ్. మైక్రోగ్లియా అనేటివి దెబ్బ తగిలిన కాడికి ఉరికొచ్చి చెత్త ఎత్తిపోస్తయ్. మామూలు రోజులల్ల టీపీఏ మంచి పనే చేస్తది. మనం కొత్తది నేర్చుకునేటప్పుడు న్యూరాన్ల నడుమ లంకెలు మారుతుంటయ్, ఆ మార్పుకు ఇది తోడ్పడుతది.

దెబ్బ తగిలినప్పుడు కథ తిరగబడతది. 1995ల అమెరికాల స్టెల్లా సిర్కా, సిడ్నీ స్ట్రిక్‌లాండ్ బృందం ఎలుకల మీద ఓ ప్రయోగం చేసింది. న్యూరాన్లను అతిగ రెచ్చగొట్టి చంపే మందును మెదడులకు ఎక్కిచ్చిన్రు. మామూలు ఎలుకలల్ల న్యూరాన్లు చచ్చినయ్. టీపీఏ జన్యువు తీసేసిన ఎలుకలల్ల చానావరకు బతికినయ్. తర్వాత 2003ల ఇంకో చిక్కుముడి ఇప్పిన్రు. ముందుగాల న్యూరానే టీపీఏ ఇడుస్తది, అది మైక్రోగ్లియాను నిద్ర లేపుతది. లేచిన మైక్రోగ్లియా తన టీపీఏను కుమ్మరిస్తది, దాంతోని న్యూరాన్ల చావు పెరుగుతది. సాయం కోసం పిలిస్తే వచ్చినోడే ఇల్లు కూలగొట్టినట్టు.

మరి అసొంటిదాన్ని సూదిల పెట్టి ఎక్కిచ్చుడేంది అని అడుగుతరు. అడగాల్సిన ప్రశ్నే. ఎలుకలల్ల కూడా అన్ని ప్రయోగాలు ఒక్క తీరుగ రాలేదు. మనుషుల లెక్క ఏరే ఉన్నది. అదే 1995ల అమెరికాల 624 మంది మీద పరీక్ష జరిగింది. పక్షవాతం మొదలైన 3 గంటల లోపల సూది పడ్డోళ్లల్ల 6.4 శాతం మందికి మెదడుల నెత్తురు కారి పరిస్థితి చెడ్డది, సూది పడనోళ్లల్ల 0.6 శాతమే. అయినా 3 నెలల తర్వాత చూస్తే, వైకల్యం లేకుండ కోలుకున్నోళ్లు సూది పడ్డోళ్లల్లనే ఎక్కువ. 2008ల యూరప్ పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది.

గడువు ఎందుకంటే, నెత్తురు అందని మెదడుల నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు పోతయని ఒక అంచనా. ఆలస్యమైన కొద్దీ దక్కించుకునేది తగ్గుతది, రక్తనాళం గోడ కూడా బలహీనమైతది. దాని మీద టీపీఏ ఆస్ట్రోసైట్ల కాపలాను సడలిస్తదని ఎలుకలల్ల తేలింది. గోడ కారుడు మొదలైతే నాళంల ఉండాల్సిన మందు మెదడులకు దిగుతది.

గందుకే, సూది మెదడును చంపుతదని ఎవలన్న వాట్సాప్‌ల తిప్పితే అది సగం ముచ్చటే. నన్ను అడిగితే సూదికన్న ఎక్కువ చంపుతున్నది పావురం నెత్తురు రుద్దుకుంట, మొక్కుకుంట పొద్దు గడిపే ఆలస్యం. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడ్డా 108కి ఫోన్ కొట్టి, సీటీ స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలె. నాళం పగిలి వచ్చిన పక్షవాతానికి ఈ సూది విషమే, ఏ రకమో స్కాన్ తీస్తెనే తెలుస్తది. గడ్డలకని ఇంట్ల ఆస్పిరిన్ మింగియ్యొద్దు.

ఇంకోటి, మనిషి చివరిసారి మంచిగ ఎన్నింటికి కనిపించిండో గడియారం చూసి రాసుకోండ్రి. డాక్టరు మొదలు అడిగేది అదే. నిద్రల వచ్చిందనుకో, లెక్క లేచిన టైము నుంచి కాదు, పండుకున్న టైము నుంచి మొదలైతది.