స్వపుర పక్షపాతము

పక్షపాతమను మాటను మనము దోషవాచకముగానే వాడుచున్నాము. సంస్కృతమున దానికి స్నేహమను నర్థమును గలదు. ఒక పక్షమునకు మనస్సు వాలుటయే పక్షపాతము. వాలుట దోషము గాదు. పుట్టినయూరి జట్టు ఆటస్థలమున దిగినప్పుడు గుండె వడిగాఁ గొట్టుకొననివానిని చూచి, వీఁడు మిక్కిలి ధర్మాత్ముఁడని యెవరును మెచ్చుకొనరు. ఓడినను మనవారు మనవారే యను నిష్ఠ మెచ్చఁదగినదే. కాని యొక్కటే పని మనవాఁడు చేసిన నేర్పును, ఎదుటివాఁడు చేసిన మోసమును నగునప్పుడు ఆ స్నేహము గ్రుడ్డితనమగును. ఈ రెంటికి నడుమనున్న గీఁతను దాఁటినవారి కేమి సంభవించెనో చరిత్ర చక్కఁగాఁ జూపుచున్నది.

ఇటలీ దేశమున వెసూవియస్ పర్వతసమీపమునఁ బాంపేయి యను పట్టణ ముండెను. దానికిఁ గొలఁది క్రోసుల దూరమున నుకేరియా యను మఱియొక పట్టణ ముండెను. పాంపేయిలోని క్రీడారంగము క్రీ. పూ. 70 ప్రాంతమున రాతితోఁ గట్టఁబడినది. అందు సుమారు 20,000 మంది కూర్చుండి చూడవచ్చును. అట్టి రాతికట్టడములలో నేఁటికిని నిలిచియున్నవానియం దదియే మిక్కిలి ప్రాచీనము. క్రీ. శ. 59వ సంవత్సరమున లివినేయస్ రెగులస్ అనునతఁ డందు ఖడ్గమల్లుల పోరాటము నేర్పాటు చేసెను. ఇతఁడు అంతకుముందే రోము సెనేటునుండి వెడలఁగొట్టఁబడినవాఁడు. వేడుక చూచుటకు నుకేరియావారును వచ్చిరి.

పిమ్మట జరిగినదానిని టాసిటస్ అను చరిత్రకారుఁడు కొలఁదిమాటలలోఁ జెప్పియున్నాఁడు. మొదట వెక్కిరింతలు, తరువాత రాళ్లు, తుదకుఁ గత్తులు. తమ యూరిలో జరుగుచున్న వేడుక గావునఁ బాంపేయి జనులదే పైచేయి యయ్యెను. నుకేరియావారిలో ననేకులు అవయవములు గోల్పోయి రోమునకు మోసికొనిపోఁబడిరి. బిడ్డలను బోఁగొట్టుకొన్న తలిదండ్రులును, తలిదండ్రులను బోఁగొట్టుకొన్న బిడ్డలును బెక్కండ్రు. రంగముమీఁద చంపుటకును జచ్చుటకును నియమింపఁబడిన మల్లు లుండఁగా, చూడవచ్చినవారు చచ్చిరి.

ఒక్కనాఁటి వెక్కిరింతవలననే యింతటి ఘోరము జరుగునా? రెండేండ్లకు ముందు, అనఁగా 57లో, నీరో చక్రవర్తి పదవి విడిచిన సైనికులను గొందఱిని నుకేరియాలో నివసింపఁజేసెను. పొరుగూరికిఁ గలిగిన యీ లాభము పాంపేయివారికిఁ గడుపుమంటయై యుండునని కొందఱు పండితు లూహించుచున్నారు. ఈ యూహ నిజమైనచో, పగను ఆట పుట్టింపలేదు. ఇంటింట నణఁగియున్న పగకు గుంపును, గొంతును, ధైర్యమును మాత్ర మిచ్చినది. ఒంటరిగాఁ బలుకుటకు సిగ్గుపడు మాటను మనుష్యుఁడు వేయిమంది నడుమ నార్చి పలుకును.

నీరో యీ వ్యవహారమును సెనేటునకుఁ బంపెను. సెనేటు విచారించి, పాంపేయిలో నిట్టి వేడుకలు 10 సంవత్సరములు జరుగరాదనియు, చట్టవిరుద్ధముగా నేర్పడిన సంఘములు రద్దు కావలెననియుఁ దీర్పు చెప్పెను. రెగులసును, కలహమును బురికొల్పిన యితరులును దేశమునుండి వెడలఁగొట్టఁబడిరి. దండన కఠినమైనదే. అది మనస్సును మార్చెనా?

ఈ ప్రశ్నకుఁ బాంపేయి గోడలే యుత్తర మిచ్చుచున్నవి. అచ్చటి యొక గృహస్థు ఈ కలహమునే తన యింటి గోడమీఁదఁ జిత్రింపించుకొనెను. క్రీడారంగము, దానిపైఁ గట్టిన గుడారపుబట్ట, లోపలను వెలుపలను గొట్టుకొనుచున్న జనులు అందుఁ గానవత్తురు. 1869లో బయల్పడిన యా చిత్రము నేఁడు నేపుల్సు నగరపు వస్తుప్రదర్శనశాలలో నున్నది. ఊరికిఁ దలవంపు తెచ్చిన దినమును వన్నెలతో వ్రాయించుకొని, వచ్చినవారికిఁ జూపుట కతఁ డించుకయు సంకోచింపలేదు. ఆ పట్టణపు గోడలమీఁద నుకేరియావారికిఁ గీడు గోరు వ్రాఁత యొకటి దొరకినది. నుకేరియాకు మేలును, పాంపేయికి నేరస్థుల శవముల నీడ్చు కొక్కెమును గోరు వ్రాఁతయు నొకటి దొరకినది. ఇరుపక్షములకును నదియే భాష! క్రీ. శ. 79లో వెసూవియస్ పగిలి పాంపేయిని బూడిదతోఁ బూడ్చివేసెను. గెలిచితిమన్న వారును బోయిరి, వారి రంగమును మూఁతపడెను. వెక్కిరింత మాత్రము గోడమీఁద నిలిచినది.

ఊళ్లు వేఱైనఁగాని యీ రోగము రాదని తలంపరాదు. కాన్‌స్టాంటినోపుల్ నగరమున రథపు పందెములు చూచువారు నీలివారనియు, ఆకుపచ్చవారనియు రెండు కక్షలైరి. బంధుత్వముకంటెను స్నేహముకంటెను వారికి రంగే యెక్కువయని ప్రొకోపియస్ వ్రాసినాఁడు. జస్టీనియన్ చక్రవర్తి నీలివారిని జేరఁదీసెను. చేరఁదీయఁబడిన మూఁక తనకుఁ జట్టము లేదనుకొనుట సహజము. 532 జనవరిలో నపరాధులను విడువవలెనని కోరి రెండు కక్షలును నేకమై రాజుపైననే తిరుగఁబడెను. నగరము తగులఁబడెను. తుదకు రాజసైన్యము రథరంగముననే 30,000 మందికిఁ బైగాఁ జంపెనని ప్రొకోపియస్ లెక్క. మూఁకల యభిమానమును రాజ్యమునకు సాధనముగా వాడుకొనఁజూచు నాయకులకు నింతకంటె హెచ్చరిక యేల?

మనకును బల్నాటి కథ కలదు. గురజాల, మాచెర్ల పక్షములవారు కోడిపందెమున రాజ్యము నొడ్డిరనియు, ఓడిన మాచెర్లవా రేడేండ్లు వలసపోయిరనియు, తుదకుఁ గారెమపూఁడి రణరంగమున వీరులెల్లఁ గూలిరనియు మన పెద్దలు చెప్పుదురు. అది వినుచు మనము వీరుల శౌర్యమునకుఁ గన్నీరు విడుతుము. పందెమునకు బుద్ధిచెప్పువాఁ డొక్కఁడును లేకపోయెనే యని దుఃఖించుట తక్కువ.

ఇట్లని యభిమానమును వేరుతోఁ బెఱికివేయవలెనా? అక్కఱలేదు, దానిని దిద్దవచ్చును. 1999 జనవరిలోఁ జెన్నపట్టణమునఁ జేపాకు మైదానమున భారత జట్టు పాకిస్తాను చేతిలోఁ 12 పరుగుల తేడాతో నోడినది. సచిన్ తెండూల్కరు 136 పరుగులు చేసియు గెలుపు దక్కలేదు. అంతటి దుఃఖములోను జూపరులు లేచి నిలువఁబడి, మైదానము చుట్టివచ్చిన పాకిస్తాను జట్టునకుఁ గరతాళధ్వనులు చేసిరి. వారు తమ జట్టును ప్రేమింపనివారు కారు. ఆటను గూడఁ బ్రేమించినవారు.

ఈ గుణము పుట్టుకతో రాదు, నేర్పవలెను. మన పాఠశాలల పందెములలో బిడ్డలకుఁ గేకలు వేయుట నేర్పుచున్నాము. ఎదుటివాని మంచి దెబ్బకుఁ జప్పట్లు కొట్టుట నేర్పుచున్నామా? తీర్పరి మనకు వ్యతిరేకముగాఁ బలికినప్పుడు నోరు మూసికొనుట నేర్పుచున్నామా? పొరుగూరి బాలునిఁ బేరుపెట్టి వెక్కిరించిన పిల్లవానిని జూచి నవ్వి యూరకున్న పెద్ద, మొదటిరాయి తానే చేతి కందిచ్చినవాఁ డగును. ఆ నవ్వును మానుట నేఁడే మనచేతిలో నున్నది.