ప్యాలెస్‌లో పబ్బు ఆట

డిసెంబరు చివరి వారం, సాయంత్రం ఆరవుతోంది. ఉత్తర లండన్‌లో గుట్టమీదున్న అలెగ్జాండ్రా ప్యాలెస్‌కి బస్సులో వెళ్తున్నాం. నా పక్కసీట్లో ఒక అరటిపండు కూర్చుంది. అంటే అరటిపండు వేషం కట్టిన మనిషి. నలభై దాటే ఉంటాయి, వేలికి పెళ్లి ఉంగరం కూడా ఉంది. వెనక సీట్లలో నలుగురు నన్‌లు, నలుగురికీ గడ్డాలు. ఈ దేశం వచ్చి పదహారేళ్లయింది. బస్సెక్కితే పక్కవాడి మొహం వంక కూడా చూడని ఇంగ్లిష్ వాళ్లు ఇలా పగటివేషాలు కట్టి, గొంతెత్తి పాడుకుంటూ పోవడం ఈ డార్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌కే చూశాను.

నన్ను లాక్కొచ్చింది స్టోక్‌లో మా పక్కింటి పెద్దాయన. పింగాణీ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నన్ను 'డక్' అంటాడు. బాతు అని తిట్టడం కాదు, మన వైపు 'అబ్బాయ్' అన్నట్టు ఆ ఊళ్లో అందరూ అందరినీ అలాగే పిలుస్తారు.

ఇంగ్లండ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కలెక్టరు దొర, క్రికెట్, టీ, షేక్‌స్పియర్. ఓడెక్కి మన దాకా వచ్చింది ఆఫీసర్ల ఇంగ్లండ్. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో, దాని రూల్స్ స్థిరపడింది ఊటీ క్లబ్బులో. గనుల్లో, మిల్లుల్లో, కొలుముల దగ్గర ఒళ్లు కాల్చుకున్న ఇంగ్లండ్ మన పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. ఆ ఇంగ్లండ్ ఆట ఇది.

ఆట చూడ్డానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది. గోడకు ఒక గుండ్రటి బోర్డు, దాని మీద 1 నుంచి 20 దాకా గళ్లు. బోర్డు నార సైసల్‌ది, మన చేలగట్ల మీద పెరిగే కిత్తనార చుట్టమే. 7 అడుగుల 9¼ అంగుళాల దూరంలో గీత, దాన్ని 'ఓకీ' అంటారు. అక్కడ నిలబడి మూడేసి బాణాలు వెయ్యాలి. (డార్టు అని మనం అంటాం గానీ ఆడేవాళ్లు తమలో తాము బాణాలనే అంటారు.) 501 నుంచి తీసివేస్తూ సరిగ్గా సున్నాకు రావాలి, ఆఖరి బాణం మాత్రం డబుల్ గడిలోనే పడాలి. అంకెను రెండింతలు చేసే సన్నటి గడి డబుల్, మూడింతలు చేసేది ట్రెబుల్. వాటి వెడల్పు 8 మిల్లీమీటర్లు. పైగా బోర్డు మీద అంకెల అమరికే ఒక కుట్ర. 20కి అటు 5, ఇటు 1. ఆశపడి చెయ్యి వణికితే ఫలితం వెంటనే తెలుస్తుంది.

మొదటిసారి మా వీధి చివరి పబ్బులో నా చేతికి చాక్‌పీసిచ్చి స్కోరు రాయమన్నారు. ఇంజినీరింగ్ చదివినవాణ్ని, పదిహేడో ఎక్కం నిద్రలో అప్పజెప్పగలను. 417లోంచి 95 తీసేసేలోపు వెనకనుంచి నాలుగు గొంతులు '322' అని అరిచాయి. వాళ్లలో ఒక్కడూ పదహారేళ్లు దాటి బడికి వెళ్లినవాడు కాదు.

పెద్దాయన నేర్పిన మొదటి పాఠం, చివర 32 మిగుల్చుకోమని. అప్పుడు డబుల్ 16 కావాలి. గురి తప్పి మామూలు 16లో పడితే మిగిలేది 16, డబుల్ 8 కొట్టాలి. అదీ తప్పితే డబుల్ 4, తర్వాత 2, తర్వాత 1. విని నవ్వొచ్చింది. పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి: రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ, అణా! మనం 1957లో వదిలేసిన లెక్కను చచ్చేదాకా వదలని మా నాయనమ్మ ఈ ఆట దంచేసేది.

చట్టం చాలాకాలం ఈ ఆటను అనుమానంగానే చూసింది. అప్పట్లో పబ్బులో జూదం నేరం. 1908లో లీడ్స్‌లో ఒక పబ్బు యజమానిని కోర్టుకీడిస్తే, అతను బోర్డు అక్కడికే తెప్పించి, మూడు బాణాలూ 20లో దింపి, ఇది అదృష్టమో నైపుణ్యమో మీరే తేల్చమన్నాడని చెప్పుకుంటారు. కథలో నిజం పాలెంతైనా, వాదన మనకు కొత్త కాదు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని 1967లో మన సుప్రీంకోర్టు తేల్చింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే.

ఆటను వీధి మొగలోంచి బయటికి తెచ్చింది ఒక ఆదివారం పత్రిక. 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' 1927లో లండన్‌లో పోటీ పెట్టింది. 1939 ఫైనల్‌కి ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్లో 14 వేలమందికి పైగా పోగయ్యారు. మధ్యలో 1937లో రాజు ఆరో జార్జి, రాణి ఎలిజబెత్ స్లౌ పట్టణంలో ఒక కార్మికుల సామాజిక కేంద్రం చూడ్డానికి వెళ్లి చెరో మూడు బాణాలు వేశారు. రాణికి 21, రాజుకి 19. మా పబ్బులో ఆ స్కోరు వేస్తే మొహం మీదే నవ్వుతారు. అయితేనేం, రాణిగారు ముట్టుకున్న బాణం గనక మర్నాటి నుంచి పెద్దింటి ఆడవాళ్లకూ అది ముద్దొచ్చింది.

ఇక స్టోక్ సంగతి. 1978లో మొదలైన ఎంబసీ సిగరెట్ల ప్రపంచ పోటీ 1979 నుంచి 1985 దాకా జరిగింది మా ఊళ్లోనే, జాలీస్ అనే నైట్‌క్లబ్బులో. 1983 ఫైనల్‌కి పెద్దాయన అక్కడున్నాడు. ఒకవైపు లండన్ వాడు ఎరిక్ బ్రిస్టో, అప్పటికే రెండుసార్లు చాంపియన్, పొగరు మనిషి. ఇటు ఇప్స్‌విచ్ కుర్రాడు కీత్ డెల్లర్, క్వాలిఫయింగ్ ఆడి వచ్చినవాడు. సెట్లు 5-5. బ్రిస్టోకి ఒక్క బాణం ఉంది, 50 మిగిలింది. నడిమి చుక్క కొడితే 50, అదీ డబుల్ కిందే లెక్క. కొట్టలేదు. 18 వేసి, తన ముద్దుల 32 మిగుల్చుకున్నాడు. కుర్రాడికి 138 కావాలి, ఎక్కడ కొడతాడులే అని. ఇక్కడికి వచ్చేసరికి పెద్దాయన కుర్చీలోంచి లేస్తాడు. కుడిచెయ్యి చెవి దాకా తెచ్చి, గాల్లో మూడుసార్లు విసురుతాడు. ట్రెబుల్ 20. ట్రెబుల్ 18. డబుల్ 12. అయిపోయింది. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ మూడో విసురు దగ్గర ఆయన మునివేళ్లు కాసేపు గాల్లోనే ఉండిపోతాయి.

తర్వాతి పదేళ్లు ఆటకూ, అది ఆడే కార్మికుల ఊళ్లకూ గడ్డురోజులు. గనులు మూతపడ్డాయి, కొలుములు చల్లారాయి. వేదిక మీద బీరు తాగుతూ ఆడే లావుపాటి మనుషులను టీవీ హాస్యకార్యక్రమాలు వెక్కిరించాయి. ఆ వెక్కిరింపులో తాగుడు మీద కోపం కంటే తాగే మనిషి పుట్టుక మీద చులకనే నాకు ఎక్కువ కనిపిస్తుంది. క్లబ్బుల్లో షాంపేన్ తాగేవాళ్లను ఎవరూ అలా వెక్కిరించలేదు. టీవీ ఒక్కో పోటీనే వదిలేసింది. 1993లో 16 మంది ఆటగాళ్లు పాత సంఘంలోంచి బయటికొచ్చి సొంత సంస్థతో నిలబడ్డారు. కోర్టుల్లో నాలుగేళ్లు నలిగారు. వాళ్లలో ఫిల్ టేలర్ ఒకడు, స్టోక్‌లో బర్స్‌లెమ్ పేటవాడు. టాయిలెట్ పేపరు చుట్ట తగిలించే పింగాణీ పిడులు చేసే పని అతనిది. డబ్బిచ్చి నిలబెట్టింది బ్రిస్టోయే. 1990 ఫైనల్లో టేలర్ ఆ గురువునే 6-1తో ఓడించాడు, మొత్తం 16 సార్లు ప్రపంచ చాంపియనయ్యాడు.

ఆ కొత్త సంస్థ పోటీ ఎసెక్స్‌లోని ఒక క్లబ్బులో పెరిగి, 2007 డిసెంబరులో ఈ ప్యాలెస్‌కి మారింది. పేరుకి ప్యాలెస్, ఏ రాజూ కాపురం చెయ్యలేదు. 'ప్రజల ప్యాలెస్' అని 1873లో కట్టారు. తెరిచిన 16 రోజులకే కాలిపోతే, రెండేళ్లలో మళ్లీ లేపారు. ఇది ఎప్పటికీ జనం వినోదానికేనని 1900లో పార్లమెంటు చట్టమే చేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో మాత్రం ఇందులో జర్మన్ పౌరులను నిర్బంధించారు. 1936లో బీబీసీ టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది ఇక్కడినుంచే. 1980లో మళ్లీ మంటలు. ఇన్ని చూసిన హాల్లో ఇప్పుడు పొడవాటి బల్లలు, జగ్గుల్లో బీరు. బోర్డు అడుగున్నర వెడల్పు, వెనక వరుసలకు చుక్కలా కూడా ఆనదు. వేలమంది తెరల వంకే చూస్తూ, మూడో బాణం కూడా ట్రెబుల్ 20లో దిగగానే '180' అట్టలు పైకెత్తి బల్లలెక్కుతారు.

2025 జనవరిలో ఇక్కడ వారింగ్టన్ కుర్రాడు ల్యూక్ లిట్లర్ పదిహేడేళ్లకే చాంపియనయ్యాడు. ఏడాది తిరక్కుండానే గెలిచినవాడి ప్రైజు 10 లక్షల పౌండ్లకు పెంచారు. ఆ డిసెంబరులోనే నితిన్ కుమార్ ఈ వేదిక మీద మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు. పెద్దాయన మర్నాడు మా గేటు దగ్గరికొచ్చి, నేనే గెలిచినట్టు చెయ్యి పట్టి ఊపాడు.

కిందటి వారం పబ్బులో నాకు 32 మిగిలింది, మూడు బాణాలున్నాయి. రూపాయి తప్పింది. అర్ధరూపాయి తప్పింది. పావలా తప్పింది. అవతల పెద్దాయన ఒక్క బాణంతో ముగించి, తడిగుడ్డతో పలక తుడిచాడు. ఓడినవాడు తర్వాతి ఆటకు లెక్క రాయాలని మా పబ్బు ఆనవాయితీ.

"రాయి, డక్," అని చాక్‌పీసు నా చేతిలో పెట్టాడు. పలక మీద రెండువైపులా 501 వేశాను.