పేరు పూరించు మీట

గుడివాడనుండి మచిలీపట్నము పోవు రైలుమార్గమున గుడ్లవల్లేరు తగులును. ఈ రెండూళ్ల పేర్లతో కంప్యూటరులో రెండు ఫైళ్లను దాచితి మనుకొనుడు. బొమ్మలపై నొక్కుటకు మారుగా ఆజ్ఞలను అక్షరములలో వ్రాసి పనిచేయించుకొను తెర యొకటి కలదు. దానిని 'షెల్' అందురు. అందు 'గు' అని వ్రాసి ట్యాబ్ మీట నొక్కినచో, యంత్రము 'గుడ' వరకు వ్రాసి ఆగును. అది హల్లును, గుణింతపు గుర్తును వేరువేరుగా లెక్కించును. ఆపైన ఒక పేరునకు గుడి, రెండవదానికి పొల్లు. గుడి మనము చేర్చినగాని గుడివాడ పూర్తికాదు.

ఈ ఆగుట యంత్రమునకు మొదటినుండి అలవడినది కాదు. 1960లలో బర్క్లీ విశ్వవిద్యాలయమున ఎస్.డి.ఎస్. 940 అను యంత్రమునకు కూర్చిన ఏర్పాటులో, మాట యేదో తేలినతోడనే ఎవరును అడుగకయే అది పూరింపబడెడిది. వ్రేలు తడబడినప్పుడెల్ల ఈ చొరవ చిక్కులు తెచ్చెను. ఆనాటి టెలిటైపు సెకనుకు పది అక్షరములు మాత్రమే కాగితముపై కొట్టెడిది. పొరపాటును దిద్దుకొనుటయు శ్రమయే. 1969 ప్రాంతమున బి.బి.ఎన్. సంస్థలో టెనెక్స్ను నిర్మించిన బాబ్రో, టామ్లిన్సన్ ప్రభృతులు చిన్న మార్పు చేసిరి: ఎస్కేప్ మీట నొక్కి అడిగిననే యంత్రము పూరించును. (ఈ టామ్లిన్సనే 1971లో కంప్యూటరునుండి కంప్యూటరునకు తొలి ఈమెయిలు పంపినవాడు.) కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున కెన్ గ్రీర్ 1975లో ఈ పద్ధతిని యూనిక్స్ షెల్‌నకు తెచ్చుటకు పూనుకొని, 1983లో లోకమునకు పంచిపెట్టెను. 'టీసీషెల్' పేరులోని 'టీ' టెనెక్స్‌దే. 1989లో వెలువడిన బాష్‌తో ట్యాబ్ మీట వాడుక విస్తరించెను.

అయినను యంత్రమెరిగినది అక్షరములను, ఊళ్లను గాదు. ఫైలును 'బందరు' అని దాచి, 'మచి' అని యెన్నిమారులు నొక్కినను ఫలముండదు.

ఒకనాడు పాత శబ్దలేఖనములను సర్దుచుంటిని. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననుగూర్చి అచ్చటివారు చెప్పుకొన్న మాటలు 'దివిసీమ_ఉప్పెన' అను ఫైలులో నుండెను. 'దివిసీమ_నమూనా' అనునది పనికిరాని పరీక్ష. చెరిపివేయు ఆజ్ఞ వ్రాసి, 'దివి' అని, ట్యాబ్ నొక్కితిని. రెండు పేర్లున్నవి గనుక నడుమ ఆగునని నా నమ్మకము. ఆగలేదు, 'ఉప్పెన' వరకు పూరించినది. ఆ ఆజ్ఞ మరల ప్రశ్నించునది కాదు, చెరిపినది తిరిగి యిచ్చునదియు కాదు. ఎంటర్ మీటపైకి పోయిన వ్రేలిని వెనుకకు తీసికొంటిని. నమూనాను అంతకు ముందురోజుననే మరియొకరు తొలగించి యుండిరి.