ఊట ఊరేదాకా ఆగాలి

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానంలో కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలకు పరుగు నేర్పుతాను. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి. 100 మీటర్లు ఎంచుకున్నవాళ్లకు గడువు 15 సెకన్లు. చాలామంది రెండింటికీ ఒకటే సాధన చేస్తారు. ఎగపోస్తూనే వంద మీటర్లు మళ్లీ మళ్లీ ఉరుకుతారు. దానివల్ల దమ్ము పెరుగుతుంది, కానీ అది స్ప్రింట్ కాదు. ఆ తేడాను తేల్చిన చరిత్రలో మన తెలుగాయన ఉన్నారు.

1920ల మొదట్లో కండ పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండరాల మీద పరిశోధనకే ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. మరుసటి ఏడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే దారి చూపింది. 1927లో పిల్లి కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర పదార్థాన్ని వాళ్లిద్దరూ పట్టుకున్నారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పేరుకుంటుంది. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా గుర్తించారు.

అదే 1927లో స్ప్రింట్ మీద హిల్ బృందం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాలు వెలువడ్డాయి. పరుగెత్తేవాళ్ల ఒంటికి అయస్కాంతం కట్టి, దారి పక్కన తీగచుట్టలు నిలిపి, ఒక్కోదాన్ని దాటిన సమయాన్ని బట్టి వేగాన్ని లెక్కగట్టారు.

నిండు వేగానికి పెద్ద అండ ఈ ఫాస్ఫోక్రియాటినే. పది సెకన్లలో అందులో చాలా భాగం ఖర్చయిపోతుంది. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్ల పరుగును 9.58 సెకన్లలో గెలిచిన ఉసేన్ బోల్ట్ 60, 80 మీటర్ల మధ్య గంటకు 44 కిలోమీటర్ల వేగం దాటాడు. చివరి 20 మీటర్లలో ఆయన వేగమూ తగ్గింది.

పరుగుకూ పరుగుకూ మధ్య ఆగమంటే "ఊరికే నిలబడితే టైము వేస్టు కదా సార్" అంటారు పిల్లలు. మా ఎండిన నేలలో బోరు కాసేపు పోసి ఆగిపోతే రైతు మోటారు ఆపేస్తాడు. "ఊట ఊరల్ల కదప్పా!" అంటాను. కండలోనూ అంతే. ఒక్క పరుగు ప్రాణం పెట్టి తీయాలి. తర్వాత 3 నుంచి 5 నిమిషాలు నింపాదిగా నడవాలి. రెండో పరుగూ అదే వేగంతో రావాలి. గడియారం జారడం మొదలైతే ఆ రోజుకు స్ప్రింట్ ముగిసినట్టే. 1600కు సాధన వేరే రోజు.

సుబ్బారావు పేరు మందుల చరిత్రలో చెప్పుకుంటాం. మైదానాల్లోనూ చెప్పాలి. విశ్రాంతి పరుగులో భాగమేనని కండలో కొలిచి చూపించినవారిలో ఆయన ఒకరు.