అర్హత గీత ఎవరు గీశారు?

ఉద్యోగాల సంగతి వచ్చినచోటల్లా ఒక మాట వినబడుతూ ఉంటుంది. "వాడికేమండీ, వాళ్ల కోటాలో వచ్చాడు" అని. వెనుకబడిన వర్గంవాడు ఒక మంచి కుర్చీలో కూర్చుంటే చాలు, అతనికోసం అర్హత తగ్గించే ఉంటారని పక్కవాడు అనుకుంటాడు. అనుకోవడమే గాని విచారించడు. ఈ అనుమానం మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో నల్లజాతివారు కూడా దీనిని ఏళ్ల తరబడి భరిస్తూనే ఉన్నారు. అయితే అక్కడి చరిత్ర తిరగేస్తే కొన్నిచోట్ల జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. నల్లవారు గుమ్మం దగ్గరకు వచ్చే వేళకు అర్హత గీత కిందికి దిగలేదు, పైకి లేచింది. దీనికి సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కిన సాక్ష్యం ఉంది. మన ఇళ్లలో చదువుకునే పిల్లలందరూ తెలుసుకోదగిన కథ అది.

డాన్ రివర్ విద్యుత్ కేంద్రం

అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో డ్రేపర్ అనే ఊరుండేది. అక్కడ డ్యూక్ పవర్ కంపెనీవారికి డాన్ రివర్ అనే విద్యుత్ కేంద్రం ఉండేది. దావా నాటికి పనిచేసేవారు 95 మంది. అందులో నల్లజాతివారు 14 మంది మాత్రమే. కేంద్రంలో 5 విభాగాలు. నల్లవారందరినీ లేబర్ విభాగంలోనే వేసేవారు. మిగతా నాలుగూ, అంటే బొగ్గు విభాగం, యంత్రాలు నడిపే విభాగం, మరమ్మతులు, ప్రయోగశాల, తెల్లవారివే. లేబర్ విభాగంలో అందరికంటె ఎక్కువ తీసుకునేవాడి జీతం కూడా, మిగతా విభాగాల్లో అందరికంటె తక్కువ తీసుకునేవాడి జీతానికి తక్కువే!

1955లో కంపెనీ ఒక నిబంధన తెచ్చింది. లేబర్ తప్ప మరే విభాగంలో చేరాలన్నా హైస్కూలు పాసై ఉండాలన్నది. మంచిదే కదా అనిపిస్తుంది. కాని అంతకుముందే హైస్కూలు చదువు లేకుండా చేరిన తెల్లవారి మాటేమిటి? వారు తమ పని చక్కగానే చేసుకుంటూ, ప్రమోషన్లు కూడా తీసుకుంటూ వచ్చారు. అంటే ఆ పనికి ఆ సర్టిఫికెట్ అవసరం లేదని కంపెనీ సొంత అనుభవమే చెబుతున్నదన్నమాట.

చట్టం వచ్చిన రోజు

1964 జూలై 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టంపై సంతకం చేశాడు. ఉద్యోగాలలో జాతి వివక్ష కూడదన్న భాగం సరిగ్గా ఏడాదికి, 1965 జూలై 2న అమలులోకి వచ్చింది. కంపెనీ నల్లవారిని లేబర్‌కే పరిమితం చేసే పద్ధతిని మానుకున్నది. కాని, పాఠకులు గమనించాలి, చట్టం అమలైన ఆ రోజునే కంపెనీ మరో నిబంధన పెట్టింది. కొత్తగా చేరేవారు లేబర్ కాని విభాగానికి వెళ్లాలంటే సర్టిఫికెట్‌తోపాటు రెండు పరీక్షలు కూడా పాస్ కావాలి. ఒకటి తెలివితేటల పరీక్ష, రెండవది యంత్రాల అవగాహన పరీక్ష. పాస్ మార్కు ఎలా పెట్టారంటే, దేశంలోని హైస్కూలు పాసైనవారిలోనే సుమారు సగం మంది తప్పేటట్లు పెట్టారు.

ఇక హైస్కూలు సంగతి. 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో తెల్ల మగవారిలో 34 శాతం హైస్కూలు పూర్తిచేశారు. నల్ల మగవారిలో 12 శాతమే. ఎందుకని? వారికి విడిగా పెట్టిన బడులు నాసిరకంవి. బడి దగ్గర ఒకసారి దెబ్బ, ఆ దెబ్బనే కారణంగా చూపి ఫ్యాక్టరీ దగ్గర రెండోసారి దెబ్బ.

ఇంకొక విశేషం వినండి. మంచి విభాగానికి వెళ్లిన మొదటి నల్ల ఉద్యోగి 1966 ఆగస్టులో వెళ్లాడు. అప్పటికి ఫిర్యాదు పడి 5 నెలలు. అతను 1953 నుంచీ లేబర్‌లోనే ఉన్నాడు. అతను హైస్కూలు పాసైనవాడే. చదువున్నా 13 ఏళ్లు అక్కడే ఉండవలసి వచ్చింది!

నక్క, కొంగ, తీర్పు

నల్ల ఉద్యోగులు 13 మంది దావా వేశారు. మొదటి పేరు విల్లీ గ్రిగ్స్‌ది. అందుకే దీనిని గ్రిగ్స్ కేసు అంటారు. కింది కోర్టులో ఓడిపోయారు. చివరకు 1971 మార్చి 8న సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తులు 8 మందీ ఒకే మాటమీద నిలిచారు. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ ఆ తీర్పులో నక్క, కొంగ విందు కథను గుర్తుచేశారు. పిలిచి పళ్లెంలో పోస్తే కొంగ ఎలా తాగుతుంది? పిలవడమొక్కటే చాలదు, ఏ పాత్రలో పోస్తున్నామో కూడా చూడాలన్నది దాని సారం.

కంపెనీకి దురుద్దేశం లేదని కింది కోర్టులు అన్నాయి. చదువు తక్కువైనవారు హైస్కూలు పూర్తిచేయడానికి కంపెనీ ఫీజులో మూడింట రెండు వంతులు భరించిన మాట కూడా నిజమే. అయినా ఉద్దేశం మంచిదైతే సరిపోదు, ఫలితం చూడాలని సుప్రీంకోర్టు తేల్చింది. పరీక్షలే కూడదని అనలేదు. అర్హత లేనివాడికి ఉద్యోగం ఇమ్మని అసలే అనలేదు. పెట్టిన పరీక్షకూ చేయవలసిన పనికీ సంబంధం చూపమన్నది. అంతే.

ఆ తరువాత

ఈ సూత్రాన్ని 1991లో అమెరికా చట్టసభ చట్టంలోనే చేర్చింది. అయితే 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రంప్, ప్రభుత్వ శాఖలు ఈ సూత్రం అమలును తగ్గించాలని ఉత్తర్వు ఇచ్చారు. 'ప్రతిభ'ను నిలబెట్టడానికే అన్నారు. ప్రతిభను ఎవరు కాదన్నారు? దానిని కొలిచే కొలబద్ద నిక్కచ్చిగా ఉన్నదా అన్నదే గ్రిగ్స్ వేసిన ప్రశ్న.

మన దేశానికి వస్తే, సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. చదువులు సమానమే, పేర్లు మాత్రం వేరు. 2007లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, అగ్రకుల హిందువుల పేర్లకంటె దళితుల పేర్లకు, అంతకంటె ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. ఇంటర్వ్యూ గది దాకా పోకముందే పేరు దగ్గరే ఆగిపోయిందన్నమాట.

అందుచేత మన పిల్లలకు చెప్పవలసింది రెండు మాటలు. చదువు మానవద్దు. గ్రిగ్స్ గెలిచాడని సర్టిఫికెట్ విలువ పోలేదు. "నీకోసం తగ్గించారు" అని ఎవరైనా అంటే తల వంచుకోవద్దు, ఏది తగ్గించారో చూపమని మర్యాదగా అడగండి. ఇక మనలోనే దుకాణాలు, వర్క్‌షాపులు నడుపుతూ నలుగురికి పని ఇచ్చే పెద్దలకు ఒక మనవి. పనికోసం వచ్చినవాడి పేరు, కులం, ఊరు చూసి మనమూ గీతలు గీస్తున్నామేమో ఒకసారి చూసుకోవాలి. మనకు జరిగితే అన్యాయమైనది, మనం చేస్తే న్యాయం కాబోదు.