‘ఉపేక్షించుకొనుట’ అనే మాట గురించి

మత్తయి 16:24, మార్కు 8:34, లూకా 9:23 వచనాల్లో శిష్యుడు మొదట చేయవలసిన పనిగా మన తెలుగు బైబిలు చెప్పేది తన్ను తాను ‘ఉపేక్షించుకొనుట’. ప్రసంగాల్లో తరచు వినే మాటే ఇది. అయితే గుడి బయట దాని అర్థం వేరుగా ఉంది. అక్రమాలకు పాల్పడితే ఉపేక్షించేది లేదని అధికారులు హెచ్చరించినట్టు పత్రికల్లో చదువుతాం. అక్కడ ఉపేక్షించడమంటే చూసీ చూడనట్టు వదిలేయడం. జబ్బును ఉపేక్షించకూడదని డాక్టరు అంటే, అశ్రద్ధ చేయవద్దని. ఈ రెండు వాడుకలే తెలిసిన యౌవనస్థుడు ఈ వచనం చదివితే, తన తప్పుల్ని తానే వదిలేయమన్నారనైనా అనుకోవాలి, తన ఒంటిని అశ్రద్ధ చేయమన్నారనైనా అనుకోవాలి. మొదటిది ప్రభువు ఉద్దేశానికి సరిగ్గా వ్యతిరేకం. రెండవది మన సంఘాల్లో చాలామంది నిజంగానే నమ్ముతున్నది.

మత్తయి, మార్కు సువార్తల గ్రీకు మూలంలో ఉన్న క్రియ ‘అపర్నెయొమై’. లూకాలో దాని చిన్న రూపం ‘అర్నెయొమై’. కాదనడం, ఎరుగననడం, ఫలానావాడితో నాకు సంబంధం లేదని చెప్పడం దీని అర్థం. ఇక్కడ కాదనవలసింది మాంసమో, కాఫీయో కాదు. మనిషి తన్ను తానే కాదనాలి. శ్రమకాలపు నలభై రోజులు ఏదో ఒకటి మానడం మంచి అలవాటే, దాన్ని తీసిపారేయడం లేదు. కాని ఈ వచనం చెప్పేది దాని గురించి కాదు.

ఈ క్రియ అసలు బలం మార్కు 14వ అధ్యాయంలో తెలుస్తుంది. కోడి కూయకముందే పేతురు చేస్తాడని ప్రభువు ముందుగా చెప్పిన పనికి మార్కు వాడింది ఇదే క్రియ. తెలుగులో అక్కడ ‘ఎరుగనని’ చెప్పడంగా తర్జుమా చేశారు. ఆ సందర్భానికి అది చక్కని తెలుగు, తర్జుమాదారులను తప్పు పట్టనక్కరలేదు. అయితే 8వ అధ్యాయంలో ఒక మాట, 14లో మరొక మాట రావడంతో ఆ రెండింటి మధ్య ఉన్న ముడి తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది. సిలువ వద్దని ప్రభువును గద్దించిన పేతురు, వెంటనే ఈ పిలుపు విన్నాడు. ప్రధానయాజకుని ముంగిట తన్ను తాను ఎరుగననవలసిన గడియ వచ్చినప్పుడు, తన్ను కాపాడుకోవడానికి ప్రభువునే ఎరుగనన్నాడు. ఈ రెండు అధ్యాయాలను ఒకే కూటంలో పక్కపక్కన చదివించి చూడండి.

పాత నిబంధన గ్రీకు తర్జుమాలో యెషయా 31:7 దగ్గర కూడా ఈ క్రియ ఉంది. అక్కడ జనులు కాదనేది తమ చేతులతో చేసుకున్న విగ్రహాలను. నా మట్టుకు, ‘తన్ను తాను’ అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం కనబడలేదు. సింహాసనం మీద కూర్చున్న ‘నేను’ను దించమనడమే గాని, దేవుడు చేసిన మనిషిని తక్కువ చేసుకోమనడం కాదు.

ఇది పండితుల గొడవ అనిపించవచ్చు. కాని భర్త చేతిలో దెబ్బలు తింటున్న సహోదరి సంఘ పెద్దల దగ్గరకు వస్తే, ‘నిన్ను నువ్వు ఉపేక్షించుకోవాలమ్మా, అదే నీ సిలువ’ అని చెప్పి పంపేవారున్నారు. ఈ వచనం ఆమెను కొట్టించుకోమనడం లేదు. తన మాటే నెగ్గాలని చెయ్యి ఎత్తినవాణ్ణి ముందు నిలబెట్టి చదవవలసిన వచనం అది. జ్వరంతో కూటాలు నడిపి, మందు వేసుకోకపోవడమే భక్తి అనుకునే సేవకులకు కూడా ఇందులో ఆధారం దొరకదు. నిజానికి అలాంటి పట్టుదలలో ‘నేను లేకపోతే పని జరగదు’ అనే ‘నేను’ ఉందేమో చూసుకోవాలి.

ఇక ఈ మాటకు బదులు ఏమి చెప్పాలి? ‘త్యాగం’ అంటే ఇచ్చినవాడికి పేరొస్తుంది. ‘వైరాగ్యం’ అంటే లోకాన్ని విడిచి కొండకు వెళ్లడం తోస్తుంది. తీతుకు 2:12లో ఇదే ‘అర్నెయొమై’కి మన బైబిలులో ఉన్న ‘విసర్జించి’ దురాశలకు సరిపోతుంది గాని మనిషికి అతకదు. పుల్పిట్‌లో ‘ఉపేక్షించుకొని’ అని చదివిన తరువాత, ‘అంటే, తన్ను తాను ఎరుగనని చెప్పి’ అని ఒక్క మాట కలిపితే చాలు. పేతురు కథ తెలిసినవారికి మిగతాది అర్థమవుతుంది.